పదకొండేళ్లు కూలిన కోట గుమ్మం

నా పదవీ విరమణ సభలో ఒక యువ విలేకరి మైకు అందుకుని, "సార్ కలం పట్టకపోతే ఆ కోట గుమ్మం ఈరోజు ఉండేది కాదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పారు. నేను రెండు చేతులూ జోడించి, తల కొంచెం వంచి, వినయంగా నిలబడ్డాను. ఆ మాట తప్పని నాకొక్కడికే తెలుసు. అయినా శాలువా కప్పించుకుంటున్నవాడు మధ్యలో ఖండన ఇవ్వడం మర్యాద కాదని ఊరుకున్నాను.

నిజం ఏమిటంటే, ఆ గుమ్మం నా చేతిలోంచి తప్పించుకుని బతికింది. దాన్ని కూల్చడానికి నేను చేయవలసినంతా చేశాను. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నా గురించి ఏదైనా చెప్పుకోదలిస్తే ఇదే చెప్పుకోవడం మంచిదని, శాలువా మడత పెట్టాక రాస్తున్నాను.

ఊరి పేరు రాయను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మధ్య ఒకప్పటి చిన్న సంస్థానం అది. కోటలో చాలా భాగం పోయింది. మిగిలింది తూర్పు గుమ్మం, దాన్ని అంటుకుని ఒక బురుజు. పూర్వం శత్రువులు వస్తున్నారేమోనని ఆ బురుజు మీద నిలబడి చూసేవారట. బస్సు దిగి సంత వీధిలోకి పోవాలంటే ఆ గుమ్మం కిందనుంచే పోవాలి. ఎదురుగా లారీ వస్తే మనం ఆగాలి. గుమ్మానికి రెండు పక్కలా కావలివాళ్ల గదులున్నాయి. ఒకదానికి కప్పు పోయింది. రెండోదానిలో ఒక పెద్దావిడ ఉండేది. ఆమె అత్తవారిది తరతరాలుగా గుమ్మం కాపలా. సంస్థానం పోయింది, జీతం పోయింది, కాపలా మాత్రం మిగిలింది. అమ్మవారి పండగకి ఘటాలు బయల్దేరినప్పుడు బురుజు మీదనుంచి ముందుగా చూసి గంట కొట్టేది ఆవిడే. ఆ గంట వినబడ్డాకే వీధుల్లో ఆడవాళ్లు పసుపునీళ్లు చల్లేవారు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ గుమ్మం గురించి పదకొండేళ్లు రాసినప్పుడు ఇందులో ఒక్కటీ తెలియదు.

మా వృత్తిలో మే నెల చివరి వారం చాలా కష్టకాలం. పరీక్షా ఫలితాలు అయిపోతాయి. బడులు తెరవరు. వానలు రావు. నాయకులు చల్లటి ఊళ్లకి పోతారు. జిల్లా పేజీలు మాత్రం రోజూ నోరు తెరుచుకునే ఉంటాయి. అప్పుడు ప్రతి విలేకరీ తన అటకమీదనుంచి కొన్ని పాత వార్తలు దింపి, దుమ్ము దులిపి పంపుతాడు. పూడిక తీయని కాలువ ఒకటి, కప్పు కారే వసతిగృహం ఒకటి, ఇలా తలా కొన్ని ఉంటాయి. నా అటకమీద ఉన్నది కోట గుమ్మం.

మొదటి ఏడు మాత్రం నిజంగానే వెళ్లాను. మా ఫొటోగ్రాఫరు స్కూటరు మీద మిట్టమధ్యాహ్నం చేరాం. అతనిది భావనపాడు. నన్ను బావా అని పిలిచేవాడు, చుట్టరికం ఏమీ లేదు. నేను గుమ్మం నీడలో నిలబడి ఒక సోడా తాగాను. అతను కెమెరా పట్టుకుని అటూ ఇటూ తిరిగొచ్చాడు. బురుజు మెట్ల తలుపుకి తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడగాలంటే రోడ్డు దాటి ఎండలోకి వెళ్లాలి. నేను రెండో సోడా తాగాను. తిరిగి వచ్చేశాం.

ఆ సాయంత్రం రాసిన వార్తలో, "బురుజు ఎక్కితే అడుగడుగునా గుండె ఝల్లుమంటుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున పైనుంచి చూస్తే అల్లంత దూరాన సముద్రం మిలమిలలాడుతుంది" అని ముగించాను. మర్నాడు ఫొటోగ్రాఫరు పేపరు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"బావా, నాను పుట్టి పెరిగింది సముద్రం ఒడ్డున. మా ఇసక మీద నిలబడితే నీ బురుజు ఎప్పుడూ కనపడ్నేదేటి?"

"వర్ణన రా అది."

"మరి అలాగైతే తిమింగలాలు కూడా రాసీవలసింది. ఎవుడొచ్చి సూస్తాడు?"

ఎవడూ వచ్చి చూడలేదు. అదే నాకు ధైర్యం ఇచ్చింది. తర్వాత ఏడాది వెళ్లకుండానే రాశాను. వార్త కొత్తగా ఉండాలంటే గుమ్మం పరిస్థితి గత ఏడాదికంటే కొంత దిగజారాలి కదా. మొదటి ఏడు శీర్షిక "ఆలనాపాలనా లేని కోట గుమ్మం". రెండో ఏడు "బీటలు వారిన చరిత్ర". ఆపైన "పొంచి ఉన్న ప్రమాదం". అలా ఏడాదికి కొంత చొప్పున నా గదిలో కూర్చుని, ఫ్యాను కింద, ఆ గుమ్మాన్ని దించుకుంటూ వచ్చాను. ఏడో ఏటికి "ఏ క్షణమైనా..." దగ్గరికి చేరాను. చివర మూడు చుక్కలు. అక్కడితో నా పదసంపద అయిపోయింది. ఆ తర్వాత ఇంకేం రాయాలో తోచక ఆ "ఏ క్షణమైనా"నే నాలుగేళ్లు నడిపాను.

ఫొటో మాత్రం ఎప్పుడూ అదే. మొదటి ఏడు తీసింది. గోడలో పైనుంచి కిందికి ఒక పగులు, పిడికిలి పట్టేంత. చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది. నాకే వేసేది.

పదకొండో ఏడు ఆ డివిజన్‌కి ఒక కొత్త అధికారి వచ్చారు. వయసులో చిన్నవాడు, నిజాయితీపరుడు. అన్నిటికంటే ప్రమాదకరమైన విషయం, ఆయన పేపరు చదివేవాడు. మా వార్త చూసి, పాతవి కూడా తెప్పించుకుని, వానల్లోపు గుమ్మాన్ని తొలగించాలని ఫైలు కదిపారు. సంత వీధి వర్తకులు సంబరపడ్డారు. గుమ్మం పోతే లారీలు తిన్నగా కొట్ల ముందుకి వస్తాయి.

మా పత్రికలో దీన్ని "ఎఫెక్ట్" అంటారు. మన వార్తకి అధికారులు కదిలారంటే, మర్నాడు దానికి రంగు చట్రం కట్టి వేసుకుంటాం. ఆ వార్త కూడా నేనే రాశాను. నా గురించి నేనే పొగుడుకుంటూ, "స్థానికులు హర్షం వ్యక్తం చేశారు" అని చేర్చాను. స్థానికులంటే ఫోనులో దొరికిన ఇద్దరు వర్తకులు.

అది అచ్చైన మూడో రోజున ఆ పెద్దావిడ విజయనగరంలో మా ఆఫీసుకి వచ్చింది. రెండు బస్సులు మారి, రెండంతస్తుల మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి అడిగింది.

"గేటు పడిపోతాదని రాసినోడు ఎవులు బాబూ?"

అందరూ నావైపు చూపించారు. కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చిందనుకున్నాను. నా ముఖం అలా వెలిగిందని తర్వాత మావాళ్లు చెప్పి నవ్వారు. లేచి కుర్చీ వేశాను. ఆవిడ కూర్చోలేదు.

"నువ్వేనా? మరి ఏటి సూసి రాసినావు?"

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నన్ను ఏ సంపాదకుడూ ఆ ప్రశ్న అడగలేదు. ఎన్ని పంక్తులు, ఎన్ని గంటలకి పంపుతావు, ఫొటో ఉందా అని అడిగేవారు. నీళ్లు తాగమన్నాను. ఆవిడ సంచిలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. నోటీసు. గుమ్మం శిథిలావస్థలో ఉన్నట్టు పత్రికా కథనాల ద్వారా తెలిసినందున, దానిని తొలగించనున్నామని, అందులో నివసిస్తున్నవారు పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలని ఉంది.

"మీ క్షేమం కోసమే కదమ్మా" అన్నాను.

"నా సేమం నాకు తెల్దా? కాపరానికొచ్చిన కాడ్నుంచి ఆ గోడ కిందే పడుకుంతన్నాను. పడితే ముందు నా నెత్తి మీదే కదా పడతాది. నాకు నేని బయం నీకేటి బాబూ?"

నేను నా ఆయుధం తీశాను. పేపరులో ఫొటో చూపించి, ఈ పగులు మాటేమిటన్నాను. ఆవిడ దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది.

"ఇది మా గుమ్మం కాదు."

"మీదేనమ్మా."

"మా ఆయన తాపీమేస్త్రి. ఆ గోడలో రాయి రాయీ నాకు తెలుసు. ఇది గుర్రాల సాల ఎనక గోడ. ఎప్పుడో తుపానుకి పడిపోనాది. ఇప్పుడక్కడ అరటికాయల డిపో ఉన్నాది. గోడ పోయినా నీ పేపర్లో బతికే ఉన్నాదన్నమాట."

ఫొటోగ్రాఫరుని పిలిచాను. అతను ఆ ఫొటో కేసి చాలాసేపు చూసి, తల గోక్కున్నాడు.

"బావా, ఆ రోజు ఎండ ఎదర కొడతన్నాది. గుమ్మం ఫొటోలన్నీ తెల్లగా పోయినాయి. ఎనక గోడ నీడలో ఉన్నాది, పగులు మా బాగా వచ్చింది. కవరు మీద 'కోట' అని రాసి నీకిచ్చేను. మిగతాది నువ్వే రాసుకున్నావు."

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదేం రా?"

"నువ్వు అడిగితే కదా."

పెద్దావిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కోపం ఉన్నట్టు లేదు. పనిలో చేయి తిరగని ఇద్దరు కూలీలని చూస్తున్నట్టు చూసింది.

"ఎల్లుండి ఆపీసర్లు వస్తన్నారట. నువ్వూ రా. ఒక్కపాలి ఎక్కి సూడు. సూసి, పడిపోతాదని నీకనిపిస్తే ఆళ్ల ముందరే సెప్పీ. నాను మూట కట్టుకుని ఎల్లిపోతాను. ఎక్కడికెల్తానని మాత్రం అడక్కు. నాకూ తెల్దు."

ఆవిడ వెళ్లాక మా బ్యూరో ఇన్‌ఛార్జి నన్ను లోపలికి పిలిచాడు. నాకంటే పదేళ్లు చిన్న. "సార్, మీరు వెళ్లొద్దు. ఎఫెక్ట్ వేసేశాం. ఇప్పుడు మనమే తప్పని చెబితే పరువు పోతుంది. పైగా గుమ్మం తీసేస్తే 'కనుమరుగైన చరిత్ర' అని ఇంకో మంచి స్టోరీ వస్తుంది" అన్నాడు. ఆ మాటకి నేను ఛీ అన్నానని రాస్తే మీరు నన్ను మెచ్చుకుంటారు. కానీ అనలేదు. ఆ పూటంతా ఆ శీర్షిక నా మనసులో తిరిగింది. "చెరిగిన సంతకం" అంటే ఇంకా బాగుంటుందేమో అని కూడా ఆలోచించాను. రాత్రికి గానీ సిగ్గు వేయలేదు.

అధికారులు వచ్చే రోజున వెళ్లాను. ఫొటోగ్రాఫరు కూడా వచ్చాడు. "తప్పులో సగం నాది కదా బావా, తన్నులు పంచుకుందాం" అన్నాడు. గుమ్మం ముందు జనం మూగి ఉన్నారు. వర్తకుల సంఘం పెద్ద నాకు పూలదండ తెచ్చాడు. వద్దంటున్నా వేశాడు. ఆ దండతోనే మిగతా రోజంతా జరిగింది.

కావలి గది ముందు ఒక రేకు పెట్టె, రెండు మూటలు, తాడుతో కట్టిన చాప, పండగ గంట వరసగా పెట్టి ఉన్నాయి. ఆవిడ మాటంటే మాటే. నేను పడిపోతుందని చెబితే బయల్దేరడానికి సిద్ధంగా ఉంది.

అధికారి నన్ను ఎంతో మర్యాదగా పలకరించి, "మాకు మీ కథనాలే ఆధారమండీ" అంటూ ఫైలు తెరిచి చూపించారు. పదకొండు వార్తలూ సంవత్సరాల వరసలో అంటించి ఉన్నాయి. నా రచనలన్నీ ఒకచోట సంపుటంగా చూడడం నాకు అదే మొదటిసారి. వరసగా తిప్పితే, ఒకే ఫొటో పదకొండుసార్లు కనబడింది. ఒకే సముద్రం పదకొండుసార్లు మిలమిలలాడింది.

ఆయనతో వచ్చిన ఇంజినీరు నా ఈడువాడు. చేతిలో చిన్న సుత్తి, జేబులో టార్చిలైటు. మాటలు తక్కువ. ఫొటో చూపించి, "ఈ పగులు ఏ పక్కండీ?" అని అడిగాడు.

"వెనకపక్క ఉంటుంది" అన్నాను. అందరం వెనక్కి నడిచాం. అక్కడ అరటి గెలలు వేలాడుతున్నాయి. డిపో మనిషి మమ్మల్ని చూసి, "ఏ రకం గావాలండీ?" అన్నాడు.

ఇంజినీరు నాకేసి చూశాడు. చెప్పక తప్పలేదు. "ఫొటో ఈ గుమ్మానిది కాదు. ఇక్కడుండే గోడది. అది పడిపోయింది" అన్నాను. సంఘం పెద్ద సర్దుకుని, "ఫొటో ఏదైతే ఏటండీ, లోపల మెట్ల కాడ పగులున్నాది, నా కళ్లతో సూసేను. ఎక్కి సూడండి" అన్నాడు.

పెద్దావిడ తాళం తీసింది. ముందు ఆవిడ, వెనక ఇంజినీరు, అధికారి, నేను, ఫొటోగ్రాఫరు, ఆపైన పట్టినంతమంది. మెట్లు సుడి తిరుగుతూ ఇరుకుగా పైకి పోతున్నాయి. పదకొండేళ్లుగా గుండె ఝల్లుమంటుందని రాసినవాడికి ఝల్లుమనలేదు, పొట్ట పట్టలేదు. మూడో మలుపులో దండతో సహా ఇరుక్కుంటే ఫొటోగ్రాఫరు వెనకనుంచి తోశాడు.

"కానీ బావా, శత్రువులొచ్చీగలరు" అన్నాడు.

నాలుగో మలుపులో ఇంజినీరు ఆగాడు. "ఉంది" అన్నాడు. గోడలో దారమంత సన్నగా ఒక పగులు, మెట్టు దగ్గర మొదలై పైకి పోతోంది. కిందనుంచి సంఘం పెద్ద, "సెప్పేను కదా!" అని అరిచాడు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ పగులు చూడగానే నాకు సంతోషం కలిగింది. అమ్మయ్య, నేను పూర్తిగా అబద్ధం రాయలేదు, ఏదో ఒకటి ఉంది అనిపించింది. రెండు మెట్ల పైన ఆ ముసలామె నిలబడి ఉంది. కింద ఆమె మూటలున్నాయి. అయినా నాకు కలిగింది సంతోషమే.

ఇంజినీరు టార్చి వెలిగించాడు. పగులుకి అడ్డంగా, బొటనవేలంత వెడల్పున, కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. ఒకదానిపైన ఒకటి, నిచ్చెన మెట్లలా, పైదాకా.

"ఇవేమిటమ్మా?"

"మా ఆయన పెట్టిన అలవాటు బాబూ. వానలకి ముందు ఒక ముక్క అంటిస్తాం. గోడ కదిల్తే కాగితం సిరుగుతాది. సిరిగితే సున్నం, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి కూరాలి. సిరక్కపోతే గోడ జోలికెల్లకూడదు. మా ఆయన పోయినాక నాను అంటిస్తన్నాను."

"పురుగు తినెయ్యదా?"

"గంజిలో మైలుతుత్తం కలుపుతాను."

ఇంజినీరు ఒక్కో ముక్కనీ గోటితో తడిమి చూశాడు. "కొత్త ఇంజినీర్లు గాజుముక్క అంటిస్తారు, ఇదే పనికి" అన్నాడు అధికారితో. "సున్నం పూసి చూడొచ్చు కదమ్మా, కాగితం ఎందుకు?"

"సున్నం ఎండకి అదే బీటిస్తాది. కాగితం అబద్దమాడదు బాబూ."

నేను చూపు మెట్టు మీదికి దించుకున్నాను.

అదే సమయంలో ఫొటోగ్రాఫరు నా భుజం మీదుగా తల పెట్టి ఒక ముక్క చదివాడు. పెద్ద అక్షరాలు, చివర మూడు చుక్కలు.

"'ఏ క్షణమైనా...' బావా, ఇది నీదే!"

ఇంజినీరు టార్చి దగ్గరగా పెట్టాడు. నాదే. నాలుగేళ్ల కిందటి శీర్షిక. ఆవిడకి చదువు రాదు. బెల్లం పొట్లం కట్టి ఇచ్చిన పేపరులోంచి ఒక ముక్క కోసి అంటించింది. ఏ క్షణమైనా కూలుతుందని అందులో నేను రాశాను. ఆ ముక్క నాలుగు వానాకాలాలు ఆ పగులు మీద ఉండి, ఎక్కడా చిరగకుండా, నేను రాసింది తప్పని చూపిస్తోంది.

ముందు అధికారి నవ్వారు. తర్వాత ఇంజినీరు. వెనక మెట్ల మీద ఉన్నవాళ్లకి ఏమీ కనబడక, "ఏటి? ఏటైనాది?" అని అడుగుతుంటే, సంగతి ఒక్కో మెట్టూ దిగుతూ కిందికి పోయింది. నవ్వు కూడా దాని వెనకే దిగింది. ముప్పై ఏళ్లలో నా వార్త ఏదీ జనంలోకి అంత తొందరగా వెళ్లలేదు.

పైకి చేరాం. వరి మళ్లు, తాటిచెట్లు, ఇటుక బట్టీల పొగ, రైలు కట్ట, అటు కొండలు. ఫొటోగ్రాఫరు నాలుగు దిక్కులా చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, నాతో ఏమీ అనలేదు. అదే అతను నాకు చేసిన పెద్ద మేలు. ఇంజినీరు పైన మొలిచిన రావి మొక్కలు పీకించాలని, రెండు చోట్ల రాళ్ల మధ్య దర్జులు పూడ్పించాలని, అంతకుమించి ఏమీ అక్కర్లేదని చెప్పాడు.

కిందికి దిగాక అధికారి ఫైలు మూసి నావైపు తిరిగారు. "ఇంజినీరు గారి నివేదిక పెట్టుకుంటాను. కానీ ఈ పదకొండు వార్తలూ ఫైల్లోనే ఉంటాయి. రేపు పైనుంచి ఒక పెళ్ల రాలినా, పేపరు పదకొండేళ్లు మొత్తుకుంది కదా అని నన్ను అడుగుతారు. కాగితానికి కాగితమే జవాబు. మీరు రాసిన వార్తలు సరైనవి కావని రాసి ఇవ్వగలరా? ఇవ్వలేకపోతే నేను ఫైలు ఆపలేను."

సంఘం పెద్ద నా చెవి దగ్గరికి వచ్చాడు. "రాయకండి బాబూ. మీ పేపరు పరువేటి, మీ ఉజ్జోగం ఏటి? ముసలమ్మకి ఇంకో పాక ఏసి ఇస్తాం."

అప్పటికి నాకు ఇంకా రెండేళ్ల సర్వీసుంది. సంతకం పెట్టిన కాగితం ఒక్కటి చాలు ఇంటికి పంపడానికి. ఆవిడ నన్ను బతిమాలలేదు. తన పెట్టె మీద కూర్చుని, చాపకి కట్టిన తాడు సరిచేసుకుంటోంది. ఎటైనా సరే తొందరగా తేలిపోతే బాగుండుననే ముఖం. నేను అధికారి దగ్గర కాగితం తీసుకుని, గుమ్మం అరుగు మీద కూర్చుని రాశాను. ఎప్పుడూ పావుగంటలో పేజీ నింపేవాణ్ని, ఆరు వాక్యాలకి అరగంట పట్టింది. సంతకం పెట్టి అందించాను.

"సాక్షి ఒకరు కావాలి. అమ్మా, మీరు వేలిముద్ర వేస్తారా?" అన్నారు అధికారి.

"ఏటి రాసినాడో సదివి ఇనిపించమనండి ముందు. ఈ బాబు రాసింది సదివించుకోకండా నమ్మకూడదు."

జనం ముందు, మెడలో దండతో, చదివాను. "కోట గుమ్మం శిథిలమైందని నేను పదకొండేళ్లుగా పొరపాటున వార్తలు రాశాను..."

"ఆగు" అంది. "పొరపాటునా?"

"అవునమ్మా."

"పొరపాటు ఒకపాలి సేస్తారు, రెండుపాల్లు సేస్తారు. యేడాదికో పాలి, పదకొండు పాల్లు సేస్తే దాన్ని పొరపాటంటారేటి? కూరలో ఉప్పు రెండుపాల్లు ఏస్తే పొరపాటు. కూర వండకండా వడ్డించీసినావు నువ్వు."

ఎవరో కిసుక్కుమన్నారు. అధికారి వాచీ చూసుకోలేదు, నాకేసే చూస్తున్నారు.

"మరేమని రాయమంటారు?" అన్నాను.

"నాకేటి తెలుసు? సదువుకున్నోడివి నువ్వు. సూసి రాసినావా, సూడకండా రాసినావా?"

"చూడకుండా."

"మరదే రాయి."

"పొరపాటున" కొట్టేసి, పైన "చూడకుండా" అని రాసి, కొట్టివేతకి పక్కన సంతకం చేశాను. ఎందరో ఉపసంపాదకులు నా కాపీలు దిద్దారు. ఒక్క మాట మార్చి వాక్యాన్ని అంత సరిగ్గా నిలబెట్టినవాళ్లు మరొకరు లేరు. మళ్లీ మొదటినుంచి చదివించుకుని, వేలిముద్ర వేసింది. అధికారి ఫైలులో ఏదో రాసి, తొలగింపు నిలిపివేస్తున్నట్టు అక్కడికక్కడే చెప్పారు. "నోటీసు వెనక్కి తీసుకుంటాం. సామాను లోపల పెట్టుకోండమ్మా" అన్నారు.

"పేపర్లో పడినదాకా మూట ఇప్పను బాబూ. పేపరు పట్టుకునే కదా నన్ను పొమ్మన్నారు" అంది.

ఆఫీసుకి వచ్చి సవరణ వేయాలని పట్టుబట్టాను. మా ఇన్‌ఛార్జి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు మాట్లాడాడు. "సార్, రంగు చట్రంలో 'కోట గుమ్మానికి ఊపిరి' అని వేద్దాం. మన పత్రిక ప్రతినిధి సమక్షంలో తనిఖీ జరిగింది కదా. ఇదీ మన ఎఫెక్టే!" అన్నాడు. అన్నట్టే వేశాడు. నా విరమణ సభలో ఆ యువ విలేకరి పొగిడింది ఆ చట్రాన్నే. నేను రాసిచ్చిన సవరణ లోపలి పేజీలో, పశువుల సంత ధరల కింద, నాలుగు పంక్తుల్లో వచ్చింది. యాజమాన్యం నుంచి మెమో కూడా వచ్చింది. జవాబులోనూ చూడకుండా రాశాననే రాశాను. అలాంటి జవాబుకి ఏం చర్య తీసుకోవాలో వాళ్లకి తోచలేదనుకుంటాను, నన్ను వదిలేశారు.

సవరణ పడిన పొద్దునే, ఇంకా చదవకుండానే పేపరు తీసుకుని ఆ ఊరు వెళ్లాను. ఆవిడ మూటల మధ్య కూర్చుని బియ్యం ఏరుతోంది. చదవమంది. సవరణ పేజీ తీసి చదవబోయి ఆగిపోయాను. డెస్కులో ఎవరో నా వాక్యాన్ని దిద్దారు. "పొరపాటున ప్రచురితమైంది. చింతిస్తున్నాం" అని ఉంది.

ఆవిడకి చదువు రాదు. "చూడకుండా" అని చదివేస్తే ఎవరికీ నష్టం లేదు. ఆవిడ సంతోషిస్తుంది కూడా. నోటిదాకా వచ్చింది. అప్పటికే ఆవిడ బియ్యం ఏరడం ఆపి నా ముఖం చూస్తోంది. ఉన్నది ఉన్నట్టు చదివాను.

"మళ్లీ అదే మాటా?" అంది.

"నేను రాసింది అది కాదమ్మా. పైవాళ్లు మార్చారు."

"ఆళ్లూ ఎక్కి సూడలేదు కదా బాబూ. ఆళ్లకేటి తెలుస్తాది" అంది. చేట పక్కన పెట్టి, చీర కుచ్చెళ్లు దోపుకుని లేచింది.

"నిలబడ్డావేటి? ఆ పెట్టె అటు పక్క పట్టుకో. లోపల పెట్టీద్దాం."

పట్టుకున్నాను. చాలా బరువుంది. ఆవిడ ఒక్కర్తే దాన్ని బయటికి ఎలా తెచ్చుకుందో నేను అడగలేదు.